గాజుతొట్టిలో చెరువు

ధర్మవరమునుండి పెనుకొండ మీదుగా హిందూపురమునకు పోవు రైలుమార్గమునకు ఇరువైపుల బోడిగుండ్ల కొండలు, ఎఱ్ఱనేలలు, వేరుసెనగ చేలు, వాని నడుమ అచ్చటచ్చట చెరువులు కనబడును. ఈ మూడు పట్టణములును 2022వ సంవత్సరమున అనంతపురము జిల్లానుండి విడివడి యేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ఈ సీమలో ఏడాదికి సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కర్ణాటకమునందలి నందికొండలలో పుట్టిన పెన్న హిందూపురము ప్రాంతమున ఆంధ్రదేశమును ప్రవేశించును గాని, పెక్కునెలలు ఆ నదిలో ఇసుకయే కనబడును. కావున ఇచ్చటి పూర్వులు వాననీటిని కట్టవేసి నిలుపుట నేర్చిరి. కొండవాలున జారు నీటిని వాగు చెరువునకు చేర్చును. కట్ట దానిని నిలుపును. తూము చేలకు విడుచును. అధికమైన నీరు మరవ మీదుగా పొర్లి దిగువ చెరువునకు పోవును. చెరువనగా నిలువనీరు మాత్రమే కాదు. వచ్చు నీరు, పోవు నీరు, అందు నివసించు ప్రాణులు, ఇవి యన్నియు కలిసిననే చెరువగును.

చెరువు నిర్మాణము నొక శాస్త్రముగా మనవారు భావించిరి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శిలాశాసనమొకటి కలదు. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట అనంతరాజసాగరమను చెరువును కట్టించి యా శాసనమును వేయించెను. మంచి చెరువునకు వలయు పండ్రెండు అంగములును, విడువవలసిన ఆరు దోషములును అందు చెప్పబడినవి. కట్టనుండి నీరు కారుట, నేల చవుడగుట, నీటికిని స్థలమునకును పొత్తు కుదరకుండుట ఆ దోషములలోనివి. ఇంటిలో మేజాబల్లపై నొక చిన్న గాజుతొట్టిని నింపి మొక్కలను, చేపలను పెంచగోరువారికి కూడ ఈ మాటలు పనికివచ్చును. గాజుతొట్టియు నొక చెరువే.

గాజుతొట్టిలో జలప్రాణులను పెంచు విద్యకు పునాది మొక్కల శ్వాసను గూర్చిన పరిశోధన. నీటిమొక్క ఎండలో నున్నప్పుడు ప్రాణవాయువును బుడగలుగా విడుచుననియు, చీకటిలో విడువదనియు ఇంగెన్‌హౌజ్ అను శాస్త్రజ్ఞుడు 1779లో ప్రకటించెను. 1850లో లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో రెండు చేపలను, వాలిస్నేరియా మొక్కను, నత్తలను కలిపి యుంచి, అవి యొకదానికొకటి తోడ్పడు విధమును వివరించెను. చేప విడుచు బొగ్గుపులుసు వాయువు మొక్కకు ఆహారము. మొక్క విడుచు ప్రాణవాయువు చేపకు ఊపిరి. కుళ్లిన ఆకులు నత్తలకు మేత. 1854లో ఫిలిప్ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథము వలన ఇట్టి తొట్టికి ‘ఆక్వేరియము’ అను పేరు వాడుకలోనికి వచ్చినది.

అయినను గాజుతొట్టికిని చెరువునకును ఒక గొప్ప భేదము కలదు. తొట్టికి నాలుగువైపుల కట్టలే గాని వాగు లేదు, మరవ లేదు. అందు పుట్టిన మలినము అందే యుండును. చేపల విసర్జనము, మిగిలిన మేత, కుళ్లిన ఆకులు, వీని నుండి అమ్మోనియా పుట్టును. ఇది కంటికి కానరాదు. నీరు తేటగానే యుండును. కాని చేప మొప్పలను అది దహించును. క్షారగుణము గల నీటిలో దాని విషము మఱింత తీవ్రమగును. అంగడి నుండి తెచ్చిన చేపలు క్రొత్త తొట్టిలో వారము దినములకే చచ్చుటకు తఱచుగా కారణమిదియే. యజమాని చేపకు రోగము వచ్చినదని మందులు పోయును. నిజమునకు రోగము నీటిది.

ఈ విషమును హరించు సేవకులు ప్రకృతిలోనే కలరు. వారు సూక్ష్మజీవులు. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చును. అదియు చేపకు విషమే. వేఱొక జాతివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చును. నైట్రేట్ అంత హానికరము కాదు. పైగా అది మొక్కలకు ఎరువు. ఈ సూక్ష్మజీవులను వేఱుచేసి చూపిన ఘనత 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడైన వినోగ్రాడ్‌స్కీకి దక్కినది. అవి ఇసుకరేణువులపైన, రాళ్లపైన, ఆకులపైన పొరవలె అంటుకొని జీవించును. క్రొత్త తొట్టిలో అవి మిక్కిలి తక్కువ. వృద్ధిపొందుటకు వానికి నాలుగు నుండి ఆరు వారములు పట్టును. కావున చేపలను పెంచగోరువాడు ముందుగా నీటిని పెంచవలయును.

ధర్మవరపు పట్టుచీరల నేతగాడు పడుగు సిద్ధము కానిదే పేక త్రోయడు. దారములు సరిచేసి, మగ్గమునకెక్కించి, ముడులు చూచుకొనుటకు పట్టిన కాలము వ్యర్థమని అతడు తలపడు. ఆ నిదానము ఇచ్చటను అవసరము. తొట్టికి నీరే పడుగు, చేప పేక.

ఇక తొట్టిని అమర్చు విధము తెలిసికొందము. ప్రారంభకులకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టి తగినది. దాని ఘనపరిమాణము 54 లీటర్లు. అడుగున 5 సెంటీమీటర్లు మన్ను, ఇసుక పోయవలయును. పైన 3 సెంటీమీటర్లు ఖాళీగా విడువవలయును. మిగిలిన చోట సుమారు 40 లీటర్ల నీరు పట్టును. నీరు, ఇసుక, గాజు కలిసి సుమారు 65 కిలోల బరువగును. కావున కదలని గట్టి బల్లపై తొట్టిని ముందుగానే నిలుపవలయును. నిండిన తొట్టిని కదలించుట ప్రమాదకరము. మిక్కిలి చిన్న గుండ్రని గాజుపాత్రలు చూచుటకు సొంపుగా నుండును గాని, వానిలో నీరు త్వరగా చెడును, త్వరగా వేడెక్కును. ఎక్కువ నీరున్నచోట మార్పు మెల్లగా కలుగును. ఇట్లు చిన్న తొట్టి కంటె పెద్ద తొట్టిని కాపాడుటయే సులభము.

అడుగున ఒక అంగుళము మందముగా ఎఱ్ఱమన్ను పఱచవలయును. అందు ఎరువులు, పురుగుమందులు కలిసి యుండరాదు. దానిపై మఱియొక అంగుళము కడిగిన ఏటియిసుక కప్పవలయును. మన్ను మొక్కలకు ఆహారమిచ్చును. ఇసుక ఆ మన్ను నీటిలో కలగిపోకుండ కాపాడును. ఈ పద్ధతిని అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రకటించిన తన గ్రంథమున విపులముగా వివరించెను. ఇసుకలో సున్నపురాయి కలదో లేదో తెలియుటకు దానిపై రెండు బొట్లు నిమ్మరసము వేసి చూడవలయును. బుడగలు పొంగినచో సున్నమున్నదని గ్రహించి, వేఱొక యిసుక వెదకవలయును.

ఈ ప్రాంతపు గొట్టపుబావుల నీరు పెక్కుచోట్ల కఠినజలము. కాచినపుడు గిన్నెలకు తెల్లని పొర పట్టుట దాని గుఱుతు. వాననీటిని శుభ్రమైన పాత్రలలో పట్టియుంచి సగపాలు కలిపినచో కాఠిన్యము తగ్గును. పురపాలక సంఘపు కుళాయినీటిలో క్లోరిన్ కలిసి యుండును. అది సూక్ష్మజీవులను చంపును, చేపలకును హాని చేయును. వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచినచో అది గాలిలో కలిసిపోవును. ఇచ్చట నొక సూక్ష్మము గమనింపవలయును. వేసవిలో తొట్టినీరు ఆవిరియై తగ్గును. ఆవిరియగునది నీరే గాని లవణములు కావు. తగ్గినంత కఠినజలమును మఱల మఱల పోయుచున్నచో లవణములు నానాటికి పేరుకొనును. పోరుమామిళ్ల శాసనము చెప్పిన చవుడు దోషము ఈ విధమున గాజుతొట్టికిని పట్టును. కావున పోయుట మాత్రమే చాలదు, కొంత తీయుటయు వలయును.

మొక్కలలో వాలిస్నేరియా, హైడ్రిల్లా, సెరటోఫిల్లము అనునవి మన చెరువులలో పెరుగునవే. ఇవి తక్కువ శ్రమతో బ్రదుకును. పెద్దల తోడు లేనిదే పిల్లలు వానికొఱకు చెరువులోనికి దిగరాదు. చెరువు నుండి తెచ్చిన మొక్కలతో జలగలు, తూనీగ పిల్లపురుగులు వచ్చుచుండును. తూనీగ పిల్లపురుగు చేపపిల్లలను పట్టి తినును. కావున తెచ్చిన మొక్కలను రెండువారములు వేఱొక బకెట్టులో నుంచి పరిశీలింపవలయును. నాటునపుడు ఎక్కువ మొక్కలను నాటుట మేలు. దినమునకు ఆఱు నుండి ఎనిమిది గంటలు విద్యుద్దీపపు వెలుగు చాలును. తొట్టిపై నేరుగా ఎండ పడనీయరాదు. పడినచో నీరు వేడెక్కును, గాజుపై పచ్చని నాచు పట్టును.

ఇట్లు నాటిన తరువాత చేపలు లేకుండగనే తొట్టిని నడుపవలయును. దినమునకు చిటికెడు చేపమేత నీటిలో వేసినచో అది కుళ్లి అమ్మోనియా పుట్టును. దానిని తిని సూక్ష్మజీవులు వృద్ధియగును. నడచుచున్న పాతతొట్టి నుండి గుప్పెడు ఇసుక తెచ్చి చల్లినచో ఆ పని త్వరపడును. గాలిపంపుతో నడచు చిన్న స్పాంజి వడపోతయు సూక్ష్మజీవులకు మంచి నివాసము. అమ్మోనియాను, నైట్రైట్‌ను కొలుచు పరీక్షాద్రవములు అంగళ్లలో దొరకును. మేత వేయుచున్నను రెండును కానరానినాడు తొట్టి సిద్ధమైనదని తెలియవలయును.

కఠినజలమును ఓర్చు చేపలలో గప్పీ ముఖ్యము. దాని స్వస్థలము దక్షిణ అమెరికా ఉత్తరభాగము. ట్రినిడాడ్ ద్వీపమున నివసించిన గప్పీ అను ప్రకృతిశాస్త్రజ్ఞుని పేరు 1866లో దానికి పెట్టబడినది. ఇది గ్రుడ్లు పెట్టదు, పిల్లలను కనును. ఆడచేప ఇంచుమించు నెలకొకసారి పిల్లలను పెట్టుట వలన తొట్టి త్వరలో క్రిక్కిఱియును. కావున మొదట ఆఱు మగచేపలను మాత్రమే పెంచుట మంచిది. గోల్డుఫిష్ ఇట్టి తొట్టికి తగదు. అంగడిలో అది వ్రేలెడు పొడవున్నను పెరిగి జానెడు దాటును. తెచ్చిన చేపలను సంచితో సహా పావుగంట నీటిపై తేలనిచ్చి, తొట్టినీటిని కొంచెము కొంచెముగా సంచిలో కలిపి, పిదప వలతో తొట్టిలో విడువవలయును.

చేపలకు ఆకలి వలన కలుగు చేటు కంటె అతిమేత వలన కలుగు చేటే ఎక్కువ. దినమునకొకసారి, రెండు నిమిషములలో అవి తినగలిగినంత మాత్రమే వేయవలయును. ఒకనాడు మేత లేకున్నను వానికి హాని లేదు. వారమునకొకసారి నాలుగవవంతు, అనగా పది లీటర్ల నీటిని తీసి, నిలువయుంచిన మంచినీటిని పోయవలయును. వాగు లేని చెరువునకు వాగును, మరవ లేని చెరువునకు మరవయు మనిషి చేయియే. వడపోత స్పాంజిని కుళాయి క్రింద కడుగరాదు. తీసిన తొట్టినీటిలోనే పిండవలయును. లేకున్నచో క్లోరిన్ వలన సూక్ష్మజీవులు నశించును.

వేసవిలో మఱింత జాగ్రత్త వలయును. 20 డిగ్రీల వేడిమిగల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగి యుండగలదు. 30 డిగ్రీలలో అది సుమారు ఏడున్నరకు తగ్గును. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండినచో ఊపిరి చాలలేదని గ్రహించి, గాలిపంపును నడుపవలయును. రాత్రివేళ మొక్కలును ప్రాణవాయువునే పీల్చును. విద్యుత్తు పోయినపుడు తక్కువ చేపలున్న తొట్టియే నిలుచును.

కఱవుసీమలో వినోదమునకై నీటిని వెచ్చించుట తగునా యని కొందఱు సందేహింతురు. ఆ సందేహము న్యాయమైనదే. తొట్టినుండి తీసిన పది లీటర్లు వ్యర్థముగా పాఱబోసినచో అది దోషమే. కాని అందు నైట్రేట్ కలదు. ఆ నీరు కరివేపచెట్టునకో, మల్లెపాదునకో పోసినచో నీరును ఎరువును ఒక్కమాఱే యిచ్చినట్లగును.

మఱియొక నియమము అన్నిటికంటె ముఖ్యము. తొట్టిలో మిగిలిన చేపలను గాని, మొక్కలను గాని చెరువులలోను, కాలువలలోను విడువరాదు. దోమల నివారణకై వెలుపలి దేశములనుండి తెచ్చి విడిచిన గప్పీ, గంబూజియా చేపలు పెక్కుచోట్ల స్థానికపు చిన్నచేపలకు పోటీయైనవి. అందమైన ఊదాపువ్వులకై తేబడిన గుఱ్ఱపుడెక్క అనేక చెరువులను కప్పివేసినది. ఊరి మురుగు చేరినపుడు చెరువునందు జరుగునదియు గాజుతొట్టిలో అతిమేత వలన జరుగునదియు ఒక్కటే. సూక్ష్మజీవులు శుద్ధిచేయగల దానికంటె మలినము మించిపోవును, ప్రాణవాయువు తఱుగును, చేపలు తేలును. తొట్టిలో అది వారములో కనబడును. చెరువులో ఏండ్లు పట్టును. నలువది లీటర్ల నీటిని ఓర్పుతో కాపాడ నేర్చిన బాలుడు, ఊరిచెరువులోనికి మురుగుకాలువ త్రవ్వునపుడు అది యేల తగదో నలుగురికి వివరింపగలడు.