ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందలి శాస్త్రపరిశోధనలు

పరిశోధన యను మాటను మన విద్యార్థులు తఱచుగా వినుచుందురు. కాని దాని యర్థమేమని యడిగినచో పెక్కుమంది చప్పున సమాధానము చెప్పజాలరు. అది దూరదేశములందు గొప్ప యంత్రముల నడుమ మహామేధావులు చేయు పని యని కొందఱనుకొందురు. శాస్త్రమంతయు పాఠ్యపుస్తకములందే యిమిడియున్నదనియు, దానిని కంఠస్థము చేసి పరీక్షయందు వ్రాయుటయే శాస్త్రాభ్యాసమనియు మఱికొందఱు తలంతురు. ఈ రెండభిప్రాయములును సరియైనవి కావు. పుస్తకములోని ప్రతి వాక్యమును ఒకానొక కాలమున నెవరో ప్రకృతిని ప్రశ్నించి రాబట్టిన జవాబే. ఆ ప్రశ్నించుట నేటికిని ముగియలేదు. మన తెలుగునాట, వాల్తేరునందు, ఆ పని యెట్లు సాగెనో కొంత తెలుపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926వ సంవత్సరమున స్థాపింపబడెను. మొదట బెజవాడయందుండి, 1930లో వాల్తేరునకు వచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాని ప్రథమ ఉపాధ్యక్షులు. 1931 మొదలు 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవిని వహించిరి. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు సాలునకు లక్షరూపాయల చొప్పున ద్రవ్యసహాయము చేసిరి. అందుచేత విజ్ఞాన సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టబడెను. ఇట్లు ధనమును భవనములును సమకూడెను. కాని పరిశోధనకు వలసిన ప్రధానవస్తువు ప్రశ్న. ఆ ప్రశ్నలు ఎచ్చటనుండి వచ్చెనో చూతము.

మొదట రసాయనశాస్త్రము. టి. ఆర్. శేషాద్రిగారు ఇంగ్లండునందలి మాంచెస్టరులో రాబర్టు రాబిన్సనుగారి కడ పనిచేసి వచ్చి, వాల్తేరున రసాయనశాఖను పెంపొందించిరి. వారు దొరకని పదార్థములకొఱకు వెదుకలేదు. చేనిలోని ప్రత్తిపువ్వు, గోగుపువ్వు, అడవిలోని మోదుగుపువ్వు, కానుగగింజ, బండలమీదను చెట్ల బెరడులమీదను పెరుగు రాతిపువ్వు - ఇట్టివియే వారి పరిశోధనవస్తువులు. ప్రత్తిపువ్వునకు పసుపువన్నె యెందువలన వచ్చినది? ఈ ప్రశ్న పసిబిడ్డ యడుగునట్టిదే. కాని జవాబు పొందుటకు పూలరేకులనెండబెట్టి, మద్యసారములో కాచి, ఆ ద్రవమును చిక్కబఱచి, రంగుపదార్థమును శుద్ధమైన స్ఫటికములుగా వేఱుచేయవలెను. పిదప దానిని చిన్నతునకలుగా విడగొట్టి యవి యేవో గుర్తింపవలెను. తుదకు, తెలిసిన పదార్థములనుండి మరల దానినే ప్రయోగశాలలో నిర్మించి, పువ్వు నుండి తీసినదానితో సరిచూడవలెను. విడగొట్టుట యొక సాక్ష్యము. కట్టుట రెండవ సాక్ష్యము. రెండును ఏకీభవించిననే రసాయనశాస్త్రజ్ఞుడు నమ్మును.

ఇందొక వింత గలదు. ఉల్లిపాయ పైపొరలోని పసుపువన్నెకు క్వెర్సెటిన్ అను పదార్థము కారణము. దాని యణువునందు 15 కర్బన పరమాణువులు, 10 ఉదజని పరమాణువులు, 7 ఆమ్లజని పరమాణువులు గలవు. ప్రత్తిపువ్వునందలి గాసిపెటిన్ అను దానిలో ఆమ్లజని పరమాణువులు 8, తక్కినవన్నియు సమానమే. అయినచో మొక్క తన యొడలిలో ఆ యెనిమిదవ పరమాణువును చేర్చుకొనుచున్నదా? శేషాద్రిగారును వారి శిష్యులును ఇట్టి చేర్పును ప్రయోగశాలలో చేసిచూపి, పువ్వులో నెట్టి మార్పులు జరుగుచుండవచ్చునో యూహించుటకు మార్గము చూపిరి. 1949లో వారు ఢిల్లీకి వెడలిరి. 1960లో లండను రాయల్ సొసైటీవారు వారిని సభ్యునిగా నెన్నుకొనిరి.

భౌతికశాస్త్రమునందు సూరి భగవంతముగారి పని వేఱొక పాఠమును నేర్పుచున్నది. కృష్ణాజిల్లా ఆగిరిపల్లెలో 1909లో జన్మించిన వీరు, కలకత్తాలో సి. వి. రామనుగారి కడ పనిచేసి, 1932లో వాల్తేరు చేరిరి. పారదర్శకమగు స్ఫటికమును నొక్కినచో దానిగుండ పోవు వెలుగు నడకలో మార్పు కలుగును. ఈ మార్పును లెక్కించుటకు కొన్ని స్థిరాంకములు కావలెను. ఏ తరగతి స్ఫటికమునకు ఎన్ని స్థిరాంకములు వలయునో జర్మనుపండితుడు పోకెల్సుగారు పట్టిక వేసిరి. దాదాపు అర్ధశతాబ్దము లోకమంతయు దానినే యనుసరించెను. భగవంతముగారు ఆ పట్టికను మొదటినుండి మరల లెక్కవేసి, అందు కొన్ని తప్పులుండుటను 1942లో కనుగొనిరి. సమఘనాకార వర్గమునందలి స్ఫటికములకెల్ల మూడు స్థిరాంకములే చాలునని పూర్వపు పట్టిక. అందలి రెండు తరగతులకు నాలుగు కావలెనని వీరి లెక్క. బురదనీటిని తేర్చుటకు మన యిండ్లలో వాడు పటిక యట్టి తరగతిలోనిదే! అచ్చుపడిన దెల్ల సత్యమని నమ్మక, గౌరవముతోనే మరల సరిచూచుటయు పరిశోధనయే యని దీనివలన తెలియుచున్నది.

ఆ 1942వ సంవత్సరము సుఖకాలము కాదు. ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. విశ్వకళాపరిషత్తు కొంతకాలము గుంటూరునకు తరలిపోవలసివచ్చెను. ఉపకరణములను మూటగట్టి, చాలీచాలని వసతులలో పనిచేయవలసివచ్చినను ఆచార్యులును విద్యార్థులును తమ వ్రతమును విడువలేదు.

యుద్ధానంతరము వారి దృష్టి తమ యెదుటనున్న సముద్రముపై నిలిచెను. 1945లో భూగర్భశాస్త్రశాఖకు వచ్చిన సి. మహాదేవన్ గారు తూర్పుతీరపు సముద్రపుటడుగునందలి యిసుకను, బురదను పరీక్షింపజేసిరి. 1952లో అమెరికానుండి యూజీన్ లాఫాండు గారను సముద్రశాస్త్రజ్ఞులు వచ్చి వీరితో కలిసిరి. జాలరులకు వేసవి రాకతో నీటి స్వభావము మాఱుట తరతరములుగా తెలిసినదే. దాని కారణమును వీరు కొలతలతో నిరూపించిరి. నైఋతినుండి గాలి తీరము వెంబడి వీచినపుడు, భూభ్రమణమువలన పైనీరు కుడివైపునకు, అనగా ఒడ్డునుండి లోపలి కడలివైపునకు, జరిగిపోవును. ఆ ఖాళీని పూరించుటకు లోతునుండి చల్లని, ఉప్పదనము హెచ్చైన నీరు పైకి వచ్చును. ఆ నీటితో పోషకలవణములు వచ్చును. వానివలన సూక్ష్మజీవులును, వానిని తిని చేపలును వృద్ధిపొందును.

ఒడ్డునందలి యిసుకయు స్థిరముగా నుండునది కాదు. నైఋతి ఋతుపవనకాలపు కెరటములు తీరమునకు ఏటవాలుగా తగిలి, యిసుకను ఉత్తరమునకు త్రోయును. 1933లో తెఱువబడిన విశాఖపట్టణపు రేవు ఈ నడకకు అడ్డుపడెను. రేవు ముఖద్వారము పూడకుండుటకు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేసిరి. దక్షిణమున నిలిచిన యిసుకను త్రవ్వి ఉత్తరపుటొడ్డున పోయనిచో నగరపు తీరము కోతపడును. కావున ఇసుక యెత్తును ఋతువు ఋతువునకు కొలుచుట వినోదము కాదు. దానిపై తీరపు బాటయు, ఒడ్డున వలలారవేసికొను కుటుంబముల జీవనమును ఆధారపడియున్నవి.

1959 మొదలు 1965 వఱకు జరిగిన అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనకాలమున మన తూర్పుతీరమునకు వెలుపల, నీటి యడుగున, గొప్ప లోయలు కనుగొనబడెను. లాఫాండుగారు వానికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ యని పేరులిడిరి. 1962లో స్వర్గస్థులైన మహాదేవన్ గారి పేరు అట్లు కడలియడుగున నిలిచినది.

ఇంకను చెప్పదగినవి గలవు. కె. రంగధామరావుగారు వర్ణపటశాస్త్రమున నొక శిష్యపరంపరను నిలిపిరి. బి. రామచంద్రరావుగారు రేడియో తరంగములను ఆకాశమునకు పంపి, పైపొరలనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనులవలన ఆ పొరల యెత్తును, కదలికలను గ్రహించిరి. భీమవరము సమీపమున గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానందగారు పరమాణుకేంద్రక పరిశోధనకు ప్రయోగశాల నేర్పఱచిరి. పువ్వు మొదలు పరమాణువు వఱకు, కడలి యడుగు మొదలు ఆకాశపు పైపొరల వఱకు ఈ పరిశోధనలు వ్యాపించినవి. విషయములు వేఱు, పద్ధతి యొక్కటే. చూచుట, ప్రశ్నించుట, కొలుచుట, మరల సరిచూచుకొనుట.

విద్యార్థులారా! ఈ మహనీయులును ఒకప్పుడు మీవలెనే పలకా బలపములతో బడికి పోయిన బాలురే. మీ యూరి చెఱువు ఏ నెలలో ఎంత తగ్గునో, మీ పెరటి మొక్క యే దినమున పూచునో ఒక చిన్న పుస్తకములో తేదీ వేసి వ్రాసికొనుడు. ఒక సంవత్సరము గడచునప్పటికి మీ పాఠ్యపుస్తకమునందు లేని సంగతి యొకటి మీ చేతిలో నుండును. తల్లిదండ్రులారా! పిల్లలు "ఎందుకు?" అని యడిగినపుడు విసుగుకొనకుడు. ప్రత్తిపువ్వు పసుపుగా నుండుట యెందుకని యడిగిన ప్రశ్ననుండియే వాల్తేరున నొక గొప్ప శాస్త్రము పెరిగినది. అట్టి ప్రశ్న యొకటి మన పాఠశాలనుండియు పుట్టుగాక!