పరిశోధన ఎందుకు ఆలస్యమవుతుంది?

పీహెచ్‌డీలో చేరిన బిడ్డలను బంధుమిత్రులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంకా పూర్తి కాలేదా?" ఆ ప్రశ్నలో సోమరితనమనే అనుమానం ధ్వనిస్తుంది. వాస్తవం వేరు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠ కాలం 6 సంవత్సరాలు. పునర్నమోదుతో మరో 2 సంవత్సరాలు లభించవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం గలవారికి ఆపైన ఇంకో 2 సంవత్సరాల సడలింపు ఉంది. మనం కనీస కాలాన్నే గడువుగా భావించి, బిడ్డలు వెనుకబడ్డారని బాధపడుతున్నాము.

డిగ్రీ చదువుకు పాఠ్యాంశాలు, పరీక్షలు ముందే నిర్ణయమై ఉంటాయి. పరిశోధనలో దారిని విద్యార్థే వెదుక్కోవాలి. ఉదాహరణకు, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాను, ఔరంగజేబుల కాలపు ఫార్సీ దస్తావేజులున్నాయి. వాటిపై పనిచేయదలచినవారు ముందు ఆ భాషను, పిదప గొలుసుకట్టుగా సాగే షికస్తా రాతను చదవడం నేర్చుకోవాలి. తొలి అధ్యాయం రాయకముందే సంవత్సరాలు గడిచిపోతాయి. విజ్ఞానశాస్త్రాలలో ప్రయోగం విఫలమైతే మళ్లీ మొదలుపెట్టక తప్పదు. రాసిన ప్రతి అధ్యాయమూ గైడు చదివి తిరిగి ఇచ్చేవరకు ఆగవలసిందే. సిద్ధాంత గ్రంథం సమర్పించాక గైడుతోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు దానిని పరిశీలించాలి.

ఆర్థిక భారం మరొక కారణం. జేఆర్‌ఎఫ్ సాధించినవారికి ఫెలోషిప్ 5 సంవత్సరాలకే పరిమితం. అది లేనివారు పగలు పాఠాలు చెప్పి, రాత్రివేళ రాసుకుంటారు. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి నిలిపివేసింది.

ఇక కోడళ్ల సంగతి. ప్రసూతి, శిశు సంరక్షణల నిమిత్తం 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చని నిబంధన చెబుతోంది. అయితే సెలవు ముగిశాక ఇంట్లో రోజుకు రెండు గంటల ప్రశాంతత దొరకకపోతే ఆమె గ్రంథం ముందుకు సాగదు.

అన్ని జాప్యాలూ అనివార్యమైనవి కావు. ఇంకా చదవాలి, ఇంకా మెరుగుపరచాలి అంటూ రాయడాన్నే వాయిదా వేసేవారూ ఉన్నారు. అటువంటివారికి నిందకన్నా నియమం మేలు చేస్తుంది. "ఎప్పుడు పూర్తవుతుంది?" అని కాక, "ఈ నెలలో ఏ అధ్యాయం రాస్తున్నావు?" అని ఆప్యాయంగా అడగండి. శుభకార్యాల బాధ్యతలను కొంతకాలం ఇతరులకు అప్పగించండి. తల్లిదండ్రులారా, అత్తమామలారా! పర్యవేక్షణ గైడు పని, నిధులు ప్రభుత్వం పని. ఆ రెండు గంటల సమయం మాత్రం మన చేతుల్లోనే ఉంది.