కోళ్ల షెడ్డులో ఏం పరవాలి?

బ్రాయిలర్ కోడి బతికే ఐదారు వారాలూ ఒకే నేల మీద గడుస్తాయి. తిరగడం, పడుకోవడం, రెట్ట వేయడం అన్నీ అక్కడే. అందుకే దాణా మీద, టీకాల మీద పెట్టే శ్రద్ధ ఆ నేల మీద పరిచే లిట్టర్ మీద కూడా పెట్టాలి.

ఎక్కువ తడి పీల్చేదే మంచి లిట్టర్ అని చాలామంది అనుకుంటారు. ఒక్కసారి లెక్క చూడండి. కోడి కిలో దాణా తింటే సుమారు 2 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. వెయ్యి కోళ్ల బ్యాచ్ 3 టన్నుల దాణా తినేసరికి 6 వేల లీటర్ల నీళ్లు తాగేస్తుంది. అందులో చాలా భాగం రెట్టగా, ఊపిరిగా షెడ్డులోకే వస్తుంది. అన్ని నీళ్లను దాచుకోగల లిట్టర్ ఏదీ లేదు. కాబట్టి తడిని పీల్చడం ఎంత ముఖ్యమో, దాన్ని త్వరగా గాలికి వదిలేసి ఆరిపోవడం అంతకన్నా ముఖ్యం.

ఆరకపోతే ఏమవుతుంది? రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. గాలిలో అది 25 పీపీఎం దాటితే కోళ్ల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తడి నేల మీద పాదాలు పుండ్లు పడతాయి. కాక్సిడియోసిస్, అంటే రక్త పారుడు తెచ్చే క్రిములు బలపడటానికి కావలసినవి కూడా తేమ, వెచ్చదనమే.

త్వరగా ఆరడమే కొలతగా చూస్తే మన ప్రాంతానికి మొదట చెప్పుకోవలసింది వరి ఊక. పొడి చెక్క పొట్టు అంత తడి పీల్చదు గానీ, ఊక రేకుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, తొందరగా గడ్డ కట్టదు. రైస్ మిల్లుల నుంచి దండిగా దొరుకుతుంది. చిత్రిక పట్టగా వచ్చిన చెక్క పొట్టు కూడా మేలైనదే. అయితే చెదల మందు పూసిన చెక్కది కాకూడదు. రంపపు పొట్టు మరీ సన్నం. దుమ్ము లేస్తుంది, కోడిపిల్లలు దాణా అనుకుని తినేస్తాయి.

రాయలసీమలో వేరుశనగ పొట్టు వాడతారు. బాగా ఎండినదైతే ఇబ్బంది లేదు, తడిసి బూజు పట్టినదైతే ప్రమాదం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లను చంపింది వేరుశనగ పిండికి పట్టిన బూజు విషమే. అఫ్లటాక్సిన్ అనే ఆ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది అప్పుడే. కోనసీమ వైపు దొరికే కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుంటుంది. ఆ గుణమే దానికి లోపం కూడా, ఎండబెట్టకుండా పరిస్తే తడి వదలదు. వరిగడ్డి అయితే అంగుళం, రెండంగుళాల ముక్కలుగా నరికి వేయాలి. లేకపోతే చాపలా అల్లుకుపోయి అడుగున కుళ్లుతుంది.

ఏది ఎంచుకున్నా, కొనేముందు చేత్తో పట్టుకుని వాసన చూడండి. బూజు వాసన వస్తే ఎంత చౌకైనా వద్దు. ఆ బూజు రేణువులు పీల్చి కోడిపిల్లలు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోవచ్చు. వానలకు ముందే కొని, తడవని చోట నిల్వ ఉంచుకోండి.

బ్రాయిలర్లకు 2, 3 అంగుళాల మందం చాలు, చలికాలంలో ఇంకాస్త పెంచాలి. తేమ 20 నుంచి 25 శాతం ఉంటే మంచిది. దాన్ని తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. గుప్పెడు లిట్టర్ తీసి గట్టిగా నొక్కి, చెయ్యి విప్పండి. ముద్ద మెల్లగా విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. ముద్దగానే నిలిచిపోతే తడి ఎక్కువైనట్టు. అసలు ముద్దే కట్టకపోతే మరీ ఎండి దుమ్ము లేస్తుంది.

తడి ఎక్కువైతే ముందు కారే నీటి నిపుల్స్ బాగు చేయించండి. గడ్డలు తీసేసి పొడి ఊక వేయండి, లిట్టర్ తిరగేయండి, పరదాలు తెరిచి గాలి ఆడనివ్వండి. సున్నం తడిని పీలుస్తుంది గానీ క్షారగుణం పెంచి అమ్మోనియాను ఇంకా బయటికి తెస్తుంది. గాలి బాగా ఆడుతున్నప్పుడే దాన్ని చల్లాలి.

కోడికి తడి నేల వదిలి మరో చోటికి వెళ్లే వీలు లేదు. దాని కాళ్ల కింద పొడిగా ఉంచడం పెంచేవాడి బాధ్యత. ఆ బాధ్యత ఊక కొనే రోజునే మొదలవుతుంది.