తిరుపతా, విశాఖా? బీఫార్మసీ సీటు ఎంచుకునే ముందు

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు. ఈ తీర మండలాల దళితవాడల్లో ఇంటర్ బైపీసీ పాసైన పిల్లలు చాలామంది బీఫార్మసీ వైపు చూస్తున్నారు. రొయ్యల చెరువుల మీద కూలికి పోయే ఇంటికి నాలుగేళ్ల చదువు చిన్న బరువు కాదు. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక వినిపించే ప్రశ్న ఒకటే: తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ మంచిదా, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ మంచిదా?

మేము ముందుగా అడగమనేది వేరు. మీకు దొరికే సీటు ఏ కోటాలోది? ఫీజు రీయింబర్స్‌మెంట్ యూనివర్సిటీ పేరును చూసి రాదు, సీటును చూసి వస్తుంది.

లోకల్ లెక్క

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి, 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. ఉమ్మడి నెల్లూరు జిల్లా, రాయలసీమ జిల్లాలతో కలిసి ఎస్వీయూ ప్రాంతంలో ఉంది. అంటే తిరుపతిలో మీరు లోకల్, విశాఖలో నాన్‌లోకల్. ఆ 15 శాతం కూడా బయటివాళ్ల కోసం విడిగా పెట్టింది కాదు. వాటికి అక్కడి స్థానికులూ పోటీ పడతారు.

లెక్క సులువు కోసం 60 సీట్ల కోర్సు అనుకుందాం. లోకల్ సీట్లు 51. అందులో ఎస్సీల 15 శాతం వాటా ఏడెనిమిది సీట్లు. అన్‌రిజర్వ్‌డ్ సీట్లు 9. వాటిలో ఎస్సీ వాటా ఒకటి, మహా అయితే రెండు. ఒకే ర్యాంకుకు రెండు ఊళ్లలో రెండు ఫలితాలు రావడానికి కారణం ఇదే.

ఇంటర్ గుంటూరులోనో విజయవాడలోనో హాస్టల్లో ఉండి చదివినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ ఒకే ప్రాంతంలో చదవకపోతే, చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. పదో తరగతి దాకా నెల్లూరులో చదివినవాళ్లు ఎస్వీయూ లోకలే. స్టడీ సర్టిఫికెట్లు మాత్రం సిద్ధంగా ఉంచుకోండి.

పాత ర్యాంకులతో జాగ్రత్త

2025లో రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ వచ్చింది. 15 శాతంలో రెల్లి తదితర కులాల గ్రూపుకు 1, మాదిగ తదితర కులాల గ్రూపుకు 6.5, మాల తదితర కులాల గ్రూపుకు 7.5 శాతం వాటా దక్కింది. కాబట్టి అంతకు ముందు సంవత్సరాల ‘ఎస్సీ చివరి ర్యాంకు’ చూసి ధీమా పడొద్దు, దిగులూ పడొద్దు. మెరుగైన ర్యాంకు ఉంటే ఓపెన్ సీటు కూడా మన హక్కే.

డబ్బు ఎక్కడ ఆగుతుంది

కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాలోనో, స్పాట్ అడ్మిషన్లోనో చేరితే రాదు. ‘ముందు చేరండి, స్కాలర్‌షిప్ తర్వాత చూద్దాం’ అనే ఏజెంటు మాటకు చాలా కుటుంబాలు అప్పుల పాలవుతున్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లోనూ సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లుంటాయి. వాటి ఫీజు వేరు, ముందే చూసుకోవాలి.

ఇంకోటి. ఫార్మసీ చట్టం, 1948లోని సెక్షన్ 12 కింద ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం లేని చోట చదివిన డిగ్రీతో ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ దొరకదు. మీరు చేరే సంవత్సరానికి, మీరు చేరే కోర్సుకు ఆమోదం ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి.

అప్పుడు యూనివర్సిటీ

ఇవన్నీ తేలాకే పేరు సంగతి. ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ చదువు 1951లో మొదలైంది. పక్కనే పరవాడ ఫార్మా సిటీ ఉంది. కానీ నెల్లూరు నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. తిరుపతికి ఉదయం బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. నాయుడుపేట సెజ్, శ్రీసిటీ ఇటువైపే ఉన్నాయి. అమ్మాయిలకు తిరుపతిలోనే పద్మావతి మహిళా యూనివర్సిటీ ఇంకో దారి. హాస్టల్ సీటు ఖాయమా, మెస్ బిల్లు నెలకు ఎంత, ఎస్సీ ఎస్టీ సెల్ పేరుకే ఉందా, పనిచేస్తోందా? వీటికి జవాబులు ప్రాస్పెక్టస్‌లో దొరకవు, అక్కడ చదువుతున్న మన సీనియర్లను అడగాలి. వివక్షపై ఫిర్యాదులు వినే యంత్రాంగం ప్రతి యూనివర్సిటీలో ఉండాలని యూజీసీ 2012 నిబంధనలు చెబుతున్నాయి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు

విశాఖ రాదేమో అని దాన్ని వదిలేయకండి. మొదటి ఆప్షన్‌గా విశాఖ పెట్టి, రెండోది తిరుపతి పెడితే తిరుపతి అవకాశం తగ్గదు. మొదటిది రాకపోతేనే కంప్యూటర్ రెండోదాన్ని చూస్తుంది. కానీ మొదటిది వస్తే రెండోది ఉండదు. తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది. అందుకే నిజంగా వెళ్లగలిగే వరుసలోనే పెట్టండి. కింద నెల్లూరు చుట్టుపక్కల, జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధ కాలేజీలు కూడా చేర్చండి. ఆప్షన్లు తక్కువ పెట్టి సీటు రానివాళ్లే చివరికి మేనేజ్‌మెంట్ కోటా గడప తొక్కుతున్నారు.

చేరాక ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ప్రకటించింది. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైందని సర్టిఫికెట్లు ఆపితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

కార్యకర్తలకు ఒక విన్నపం. కుల, ఆదాయ, స్టడీ సర్టిఫికెట్లు లేకే చాలా సీట్లు చేజారుతున్నాయి. కౌన్సెలింగ్ తేదీలు రాకముందే వాడవాడకూ వెళ్లి అవి తీయించండి. వెబ్ ఆప్షన్ల రోజుల్లో పిల్లల్ని నెట్ సెంటర్ వాళ్లకు వదిలేయకుండా పక్కన కూర్చోండి.