కారు కౌలుదా, సొంతానిదా? కాగితం చూసి కొనండి, కార్తె చూసి కాపాడుకోండి

తెల్లవారుజామున సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు ముందర నిలబడితే మన పల్లెలన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. సిద్దిపేట, మెదక్, కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన బస్సులు దిగుతుంటే సంచులు భుజాన వేసుకున్న కుర్రాళ్లు బయటికొస్తారు. వాళ్లలో చాలామంది వ్యవసాయ కూలీల బిడ్డలే. వరికోత యంత్రాలు వచ్చాక కోతల కాలంలో సైతం పనిదినాలు తగ్గిపోయాయి. అయ్య కొడవలి పట్టినచోట కొడుకు స్టీరింగు పడుతున్నాడు. పట్టనీ, తప్పేమీ లేదు. అయితే ఆ స్టీరింగు ఎవరిది? ఈ ప్రశ్న వేసుకోకుండా సంతకం పెట్టినవాళ్ల కన్నీళ్లు నేను చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు.

మా సంఘంలో పనిచేసే ఒక అవ్వ రెండు పాడి బర్రెలను అమ్మి, ఆ పైసలు కొడుకు కారుకు డిపాజిట్టు కట్టింది. పిల్లవాడు ఇరవై ఆరు నెలలు తప్పకుండా కట్టాడు. జ్వరం వచ్చి మంచాన పడ్డప్పుడు రెండు నెలలు ఆగింది. ఒకనాడు పొద్దున్నే బోయినపల్లి దగ్గర నలుగురొచ్చి తాళంచెవి గుంజుకుని బండి తీసుకుపోయారు. వాడు నా దగ్గరకు వచ్చి, ‘‘అన్నా, ఇరవై ఆరు నెలలు కట్టిన. బండి నాది గాదా?’’ అన్నాడు.

‘‘కాగితం తెచ్చినవా తమ్ముడూ?’’ అన్నాను.

పద్నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం. ప్రతి పేజీ కింద వాడి సంతకం ఉంది. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుంటే విషయం బోధపడింది. వాడు కట్టింది కిస్తు కాదు, కిరాయి. ఆర్సీలో పేరు కంపెనీదే. గడువు తీరాక ఇష్టముంటే వేరే ధర కట్టి కొనుక్కోవచ్చని ఒక మూల రాసి ఉంది. పదిమందిమి కలిసి పోయి, నెలన్నర తిరిగితే డిపాజిట్టులో కొంత వాపసు వచ్చింది. బర్రెలు మాత్రం రాలేదు.

కౌలు మనకు తెలియనిదా?

లీజు అనే ఇంగ్లీషు మాట వినగానే మనవాళ్లు కొత్త వస్తువు అనుకుంటున్నారు. అది మన కౌలే. మన తాతలు దున్నిన భూమి సంగతి గుర్తు చేసుకోండి. హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అన్నవాడికి హక్కులు రాసింది. 38-ఈ సెక్షను కింద దున్నేవాడికే యాజమాన్యపు సర్టిఫికెట్టు ఇవ్వాలంది. అయినా ఎంతమంది చేతికి భూమి వచ్చింది? ఏళ్ల తరబడి చెమట కార్చినా, పహాణీలో పేరు లేనివాడు గట్టు మీదే మిగిలిపోయాడు.

బండికి పహాణీ ఆర్సీ. నువ్వు నడపడం వేరు, ఆర్సీలో నీ పేరుండడం వేరు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

బండి మన చేతికి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది కౌలు బండి: ఆర్సీ కంపెనీ పేరున ఉంటుంది, నువ్వు రోజుకింత, వారానికింత కడతావు. రెండోది ఫైనాన్సు బండి: ఆర్సీ నీ పేరునే ఉంటుంది గాని, దాని మీద అప్పిచ్చినవాడి హెచ్‌పీ ఎక్కి ఉంటుంది. మూడోది కౌలు తీరిన బండి: పెద్ద ఆఫీసులు తమ ఉద్యోగుల కోసం మూడు నాలుగేళ్లు లీజుకు తిప్పి, తర్వాత అమ్మేసేవి. ఈ మూడోరకం కొనడంలో తప్పు లేదు. సర్వీసు లెక్కలు సాధారణంగా రాసి ఉంటాయి. అయితే చాలా చేతులు మారిన బండి కావచ్చు, ఎక్కువ కిలోమీటర్లు తిరిగి ఉండవచ్చు.

కౌలు బండికి సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. గడువు తీరాక బండి నాకు ఇస్తారా? ఇస్తే ఎంత ధరకు? నడుమ మానుకుంటే డిపాజిట్టులో ఎంత వాపసు ఇస్తారు? నోటితో చెప్పిన జవాబు జవాబు కాదు. కాగితం మీద అంకె వేసి ఇస్తేనే జవాబు.

నూటికి రూపాయి అంటే రూపాయేనా?

ఫైనాన్సువాడు, ‘‘నూటికి రూపాయే వడ్డీ, ఏడాదికి పన్నెండు శాతం, ఫ్లాట్’’ అంటాడు. ఊళ్లో షావుకారు రెండు రూపాయలు, మూడు రూపాయలు గుంజుతుంటే ఇది ధర్మవడ్డీలాగా వినబడుతుంది. లెక్క వేసి చూద్దాం.

3 లక్షల అప్పు, మూడేళ్ల గడువు. పన్నెండు శాతం చొప్పున మూడేళ్లకు వడ్డీ 1,08,000. మొత్తం 4,08,000. దాన్ని 36 నెలలకు పంచితే నెలకు 11,333 రూపాయల కిస్తు. ఇక్కడే కిటుకు ఉంది. నువ్వు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నావు. రెండేళ్లు గడిచేసరికి నీ దగ్గర వాడి పైసలు నూటికి సుమారు నలభై వంతులు మాత్రమే ఉంటాయి. వడ్డీ మాత్రం చివరిదాకా 3 లక్షల మీదే వేశాడు. మిగిలిన అసలు మీదే వడ్డీ లెక్కిస్తే ఇది నూటికి రూపాయి ముప్పావలా పడుతుంది. అంటే ఏడాదికి సుమారు 21 శాతం. అందుకని ‘‘ఫ్లాట్ ఎంత?’’ అని అడగొద్దు. ‘‘తగ్గే అసలు మీద ఎంత?’’ అని అడగండి. బ్యాంకు రేటుతో పోల్చేటప్పుడు ఈ రెండో అంకెనే పోల్చాలి.

కొనేముందు కాగితాలు

పాత బండి కొనేటప్పుడు ముందు బండి నెంబరు మీద బకాయి చలాన్లు, పన్ను బకాయిలు, హెచ్‌పీ ఉన్నాయేమో చూడండి. సర్కారు వెబ్‌సైటులో ఫోన్ మీదే తెలుస్తుంది. తోచకపోతే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. సికింద్రాబాద్ వాళ్లకు అది తిరుమలగిరిలో ఉంది.

పేరు మార్పుకు 29, 30 నెంబరు ఫారాలు కావాలి. అప్పు తీరిన బండికి హెచ్‌పీ కొట్టేయడానికి 35 నెంబరు ఫారం కావాలి. దాని మీద అప్పిచ్చినవాడి సంతకం ఉండాలి. వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి 28 నెంబరు ఫారంతో ఎన్‌ఓసీ తేవాలి. కౌలు తీరిన బండి అయితే అమ్మేవాడు బ్రోకరు కాదు, ఆర్సీలో పేరున్న కంపెనీ. సంతకం ఆ కంపెనీది కావాలి. ‘‘ఖాళీ ఫారాల మీద సంతకాలున్నయ్, తర్వాత చూసుకుందాం’’ అనే బ్రోకరుకు దండం పెట్టి వచ్చేయండి.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం కొన్నవాడు ముప్ఫై రోజుల్లో పేరు మార్పించుకోవాలి. అమ్మినవాడు కూడా తెలియజేయాలి. ఇది అమ్మేవాళ్లకూ ముఖ్యమే. పేరు మారకుండా బండి చేతులు మారి, ఎక్కడో ప్రమాదం జరిగితే, రికార్డులో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత ఆటో అమ్మి ఊరికి పోయినవాడి ఇంటికి నష్టపరిహారపు నోటీసు రావచ్చు.

ఇంకొక మాట. తెల్ల పలక బండి కొని కిరాయికి తిప్పకండి. కిరాయికి తిప్పాలంటే టాక్సీగా మార్పించి, పర్మిటు, ఫిట్‌నెస్, టాక్సీ ఇన్సూరెన్సు తీసుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్సువాడు చేతులెత్తేస్తాడు. ఆ రోజు కోర్టు, ఆసుపత్రి ఖర్చు అంతా మన గుడిసె మీద పడుతుంది.

సీజింగువాళ్లు వస్తే

కిస్తు తప్పడం నేరం కాదు, బాకీ మాత్రమే. అప్పు వసూలుకు గూండాలను పంపడం చెల్లదని 2007లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు కేసులో గట్టిగా చెప్పింది. చట్టప్రకారమే వసూలు చేసుకోవాలంది. రిజర్వు బ్యాంకు 2022లో వసూలు ఏజెంట్లు పొద్దున 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయరాదని ఆదేశించింది. మొత్తం అప్పు తీరాక ముప్ఫై రోజుల్లో కాగితాలు వాపసు ఇవ్వాలని, వ్యక్తిగత రుణాల విషయంలో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలని 2023లో చెప్పింది.

రోడ్డు మీద బండి ఆపితే ఒంటరిగా కొట్లాటకు దిగొద్దు. వాళ్ల గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం అడగండి. ఫోన్‌లో ఫొటో తీయండి. బండిలోని మీ సామాను జాబితా రాయించుకోండి. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జబ్బు చేసినా, పని ఆగినా గడువుకు ముందే కంపెనీకి రాసి, రసీదు తీసుకోండి. నోటిమాట వాడి చెవికి గాలి. కాగితం మనకు సాక్షి.

బండిని ఎట్ల చూడాలె?

బ్రోకరు షెడ్డులో మెరిసే బండిని చూసి మురిసిపోకండి. ఛాసిస్ నెంబరు ఆర్సీలోనిదేనా చూడండి. మీటరు ముప్ఫై వేలు చూపిస్తూ, పెడళ్ల రబ్బరు అరిగి నున్నగా ఉంటే ఆ మీటరును నమ్మొద్దు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైన టైరన్నమాట. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి. అడుగున బురద మరక ఉంటే ఆ బండి వరదలో మునిగింది. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు పట్నంలో బస్తీలే మునిగాయి, కార్లు కొట్టుకుపోయాయి. మునిగిన బండిని కడిగి, రంగు వేసి అమ్మకానికి పెట్టేవాళ్లుంటారు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. నల్లపొగ అంటే డీజిలు సరిగా కాలడం లేదు. బ్రోకరు చూపే మెకానిక్ కాకుండా, మనకు తెలిసిన మెకానిక్‌కు కూలి ఇచ్చి తీసుకుపోండి. ఆ కూలి వృథా కాదు.

కార్తె చూసి కాపాడుకోండి

మన పెద్దలు కార్తె చూసి నాగలి కట్టారు. బండికి కూడా కార్తెలున్నాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక రేడియేటరు ఎంత? ఎండలు ముదరకముందే కూలెంట్ చూసుకోండి, ఫ్యాన్ బెల్టు చూసుకోండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీస్తే ముఖం కాలుతుంది. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. బ్యాటరీ ఎండకే ఎక్కువ చెడుతుంది.

మృగశిరకు ముందు వైపర్ రబ్బర్లు, బ్రేకులు, లైట్లు, టైర్ల అరుగుదల చూపించండి. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు కొట్టకండి. గాలి పోయే దారిలో నీళ్లు సిలిండర్లోకి పోతే, గాలి నలిగినట్టు నీళ్లు నలగవు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ ఒక్క తాళంచెవి తిప్పుడు వేల రూపాయల మీదికి తెస్తుంది. మామూలు ఇన్సూరెన్సులో ఆ నష్టం రాకపోవచ్చు. బండిని తోయించి, మెకానిక్‌ను పిలవండి.

వడ్లు రోడ్ల మీద ఆరబోసే కోతల కాలంలో వరిగడ్డి మీదుగా బండి పోనివ్వకండి. అడుగున చిక్కిన గడ్డి సైలెన్సరు వేడికి అంటుకుంటుంది. వడ్ల బస్తాల పక్కన నిలిపిన బండిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పొద్దున బానెట్ ఎత్తి చూశాకే తాళం తిప్పండి. చలికాలంలో మంచు పడే వేళ అద్దాలు, దీపాలు తుడుచుకుని మెల్లగా పోండి. ఒక గిరాకీ పోతే పోయింది.

వీటన్నిటికీ పైసలు కావాలి కదా? కిలోమీటరుకు రూపాయి చొప్పున పక్కన పెట్టుకోమని నేను మన పిల్లలకు చెబుతుంటాను. రోజుకు వంద కిలోమీటర్లు, నెలకు ఇరవై అయిదు రోజులు తిరిగితే 2,500. ఏడాదికి 30,000. టైర్లు, ఇన్సూరెన్సు, సర్వీసు దానిలో నుంచే రావాలి. కిస్తు పోగా, ఈ రూపాయి పోగా, ఇంటికి కూలి మిగలని బండి బండి కాదు, మెడకు కట్టిన గుదిబండ. దాన్ని కొనకండి.

ఒంటరిగా సంతకం పెట్టకండి

మా సంఘంలో ఇప్పుడొక ఏర్పాటు చేసుకున్నాం. ఎవరు బండి కాగితం మీద సంతకం పెట్టాలన్నా, దాన్ని ముందు సంఘం ఆఫీసుకు తెస్తారు. ఇంగ్లీషు వచ్చిన డిగ్రీ పిల్లవాడు చదువుతాడు, మిగతావాళ్లం అడుగుతాం. ఒక్క రాత్రి పని. మీ ఊళ్లో కూడా పెట్టుకోండి. దాంతోపాటు సర్కారును అడగాల్సిన మాట ఒకటుంది. తెలుగు నేల మీద తెలుగువాడితో సంతకం పెట్టించుకునే లీజు కాగితం తెలుగులో ఉండాలి. అసలు వడ్డీ ఎంతో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇది వరమేమీ కాదు, హక్కు.

భూమి కాగితం కోసం మన పెద్దలు సంఘం పెట్టి నిలబడ్డారు. బండి కాగితానికి కూడా సంఘమే దిక్కు. ఆ అవ్వ మొన్న మళ్లీ వచ్చింది. ఈసారి పైసలు తేలేదు, కాగితం తెచ్చింది. ‘‘సదువు బిడ్డా, సదివినంకనే సంతకం’’ అన్నది.