మేస్త్రీ చేతిలోని శాస్త్రము

మన సంతోష్‌నగర్‌కు చేరువనే, పిసల్‌బండలో పాయిగా సమాధులు ఉన్నవి. 18వ శతాబ్ది చివర మొదలైన ఆ కట్టడములలోని జాలీలను మెచ్చుకొననివారు లేరు. వానిని నిలిపిన సున్నమును గూర్చి అడిగినవారు మాత్రము అరుదు.

ఆ పని ఎరిగినవాడు తాపీ మేస్త్రీ. కాల్చిన సున్నపురాతిని నీట విరియించి, నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరినచో డంగు సున్నము సిద్ధమగును. అందు కరక్కాయ నీరు, బెల్లము కలుపుటయు కలదు. ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి తిరిగి రాయిగా మారును. కనుకనే పలుచని పొరలుగా పూసి, పొరకును పొరకును నడుమ వ్యవధి ఇచ్చి, తడి ఆరిపోకుండ కాపాడవలెను. తొందరపడువారికి లొంగు పదార్థము కాదది!

ఈ సంగతి మరచినచో ఏమగును? గోల్కొండ చెంత కుతుబ్‌షాహీ సమాధులకు 20వ శతాబ్దిలో సిమెంటుతో మరమ్మతులు చేసిరి. సిమెంటు తేమను లోపలనే బంధించును. దాని వెనుకనున్న పాత సున్నము చెడును. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ఆరంభించిన పనిలో ఆ సిమెంటును ఒలిచి, మరల సున్నమే వేయవలసి వచ్చినది.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ అనుభవము మరింత ఆసక్తికరము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కలప దొరకక, ఆయన మట్టి ఇటుకలతో కమాను కప్పులు వేయింపగా అవి కూలినవి. 1941లో అస్వాన్ ప్రాంతపు నూబియా మేస్త్రీలు కలప ఊత లేకయే అట్టి కప్పులు వేయుట చూచి, వారినే రప్పించుకొనెను. కిటుకు సులభమైనదే: మొదటి వరుసను వెనుక గోడకు ఆనించి వాలుగా పేర్చుట, ఆపై ప్రతి వరుసకును దాని ముందు వరుసయే ఊత.

సిమెంటు బట్టీకి దాదాపు 1,450 డిగ్రీల వేడిమి కావలెను. సున్నమునకు సుమారు 900 చాలును. ప్రపంచమంతట మానవులు వెలువరించు బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 శాతము సిమెంటు వలననే. అంతమాత్రమున నాలుగంతస్తుల ఇంటిని డంగు సున్నముతో కట్టుడని మేము చెప్పబోము. మేము కోరునది ఇంకను చిన్నది. పడమటి కిటికీపై సజ్జ ఎంత ముందుకు రావలెనో, మిద్దెపై వాన నీరు ఏ మూల నిలుచునో, పెక్కు ఇండ్లు కట్టిన మేస్త్రీ ఎరుగును. కాని మన పేటలలో ఆయనను పిలుచునది నక్షా ముగిసిన తరువాతనే. అప్పుడాయన చెప్పినను సజ్జ పెరుగదు. వేసవి వచ్చినంతనే కిటికీకి గోనెపట్టా కట్టుకొనవలసినదే.