తెరిచి ఉన్న ఫైలును డిలీట్ చేస్తే ఏమవుతుంది?

లినక్స్ కంప్యూటర్‌లో పాట మోగుతుండగానే ఆ ఫైలును డిలీట్ చేసి చూడండి. ఫోల్డర్‌లో పేరు మాయమవుతుంది, పాట మాత్రం ఆగదు! ఎలా?

అక్కడ పేరు వేరు, ఫైలు వేరు. ఫోల్డర్ అంటే బడిలో హాజరుపట్టీ లాంటిది: పేరు, దాని పక్కన ఒక నంబరు. ఆ నంబరున్న ‘ఐనోడ్’లోనే ఫైలు సైజు, డిస్కులో అది ఎక్కడుందో రాసి ఉంటాయి. డిలీట్ చేస్తే పట్టీలో పేరు కొట్టేస్తారంతే. ఆ ఫైలుకు ఇంకే పేరూ మిగలక, దాన్ని తెరిచిన ప్రోగ్రాములన్నీ మూసేశాకే చోటు ఖాళీ అవుతుంది. అందుకే, తెరిచి ఉన్న పెద్ద ఫైలును చెరిపినా ఒక్కోసారి డిస్కు నిండుగానే కనిపిస్తుంది. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో ఎదిగిన యూనిక్స్ నుంచి వచ్చిందీ ఏర్పాటు. ఎంత చక్కటి ఆలోచనో!

విండోస్ దారి వేరు. ఫైలును తెరిచేటప్పుడే ప్రోగ్రాము చెప్పాలి: నేను వాడుతుండగా ఇతరులు దీన్ని చదవొచ్చా, మార్చొచ్చా, చెరపొచ్చా? చాలా ప్రోగ్రాములు చెరపడానికి ఒప్పుకోవు. అందుకే ‘ఫైలు వాడకంలో ఉంది’ అని అడ్డు చెబుతుంది. అప్‌డేట్ల తర్వాత విండోస్ తరచూ రీస్టార్ట్ అడగడానికి ఇదీ ఒక కారణం: వాడుకలో ఉన్న పాత ఫైళ్లను అప్పటికప్పుడు మార్చలేదు.